ఒక యూనిట్‌కు ఏయే సాయం అందిందో, తర్వాత ఏమైందో ఒకేచోట చూసే దారి ఉందా?

ఓరుగల్లు_కోఆర్డినేటర్

అందరికీ నమస్తే. వరంగల్ వైపు చిన్న వ్యాపారులకు, కొత్త ఆలోచనతో వచ్చేవాళ్లకు దారి చూపించే ఒక సహాయ కేంద్రంలో పనిచేస్తున్నాను. నెలాఖరు వస్తే మాకు ఒకటే టెన్షన్. ఒక శాఖకు ఒక ఎక్సెల్ షీటు, ఇంకో శాఖకు ఇంకో షీటు. ఈ నెల ఎంతమందికి శిక్షణ ఇచ్చారు, ఎన్ని ఉద్యమ్ రిజిస్ట్రేషన్లు (చిన్న సంస్థలకు కేంద్రం ఇచ్చే నమోదు) చేయించారు, ఎన్ని లోన్ దరఖాస్తులు బ్యాంకుకు వెళ్లాయి... ఉన్న వివరాలనే కాలమ్‌లు మార్చి మళ్లీ మళ్లీ నింపుతాం. అంతా నింపాక, "మూడేళ్ల కిందట మీ దగ్గర సాయం పొందినవాళ్లలో ఇవాళ ఎంతమంది యూనిట్ నడుపుతున్నారు?" అని అడిగితే జవాబు ఏ షీటులోనూ దొరకదు.

మొన్న ఒక యూనిట్ కాగితాలు పక్కపక్కన పెట్టి చూశాను. చిరుధాన్యాలతో మురుకులు, లడ్డూలు చేసే యూనిట్, నడిపేది ఒక మహిళ. ఉద్యమ్ సర్టిఫికెట్‌లో ఆమె అత్తింటి ఇంటిపేరు ఉంది. పీఎంఈజీపీ (కొత్త యూనిట్లకు సబ్సిడీతో లోన్ ఇప్పించే కేంద్ర పథకం) లోన్ కాగితాల్లో పుట్టింటి ఇంటిపేరు. జీఎస్టీ భర్త పాన్ మీద. కరెంటు సర్వీసు మామగారి పేరున. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత) రిజిస్ట్రేషన్ షాపు పేరున. కంప్యూటర్‌కు ఇవి ఐదు వ్యాపారాలు. ఉన్నది ఒక గది, రెండు గ్రైండర్లు, నలుగురు ఆడవాళ్లు. ఆమెకు ఇప్పటిదాకా ఏమేం అందాయో, వాటివల్ల ఏం ఒరిగిందో మొత్తంగా చెప్పగలిగేది ఆమె ఒక్కతే.

జిల్లా పరిశ్రమల కేంద్రం, బ్యాంకులు, ఖాదీ బోర్డు, ఇంక్యుబేటర్లు (కొత్త సంస్థలకు చోటు, సలహా ఇచ్చే కేంద్రాలు), శిక్షణ ఇచ్చేవాళ్లు అందరూ ఒకే రికార్డును పంచుకునే పద్ధతి ఎక్కడైనా సరిగ్గా నడుస్తోందా? మన దగ్గర పెట్టాలంటే దేనితో మొదలుపెట్టాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

తెనాలి_ఆడిటర్

మొదలు పాన్‌తోనే పెట్టాలి మేడమ్. జీఎస్టీ నంబరు తీసుకోండి, 15 అక్షరాలు ఉంటాయి. మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి (తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37), తర్వాతి పది అక్షరాలూ అచ్చంగా పాన్. 2020 జులై 1న మొదలైన ఉద్యమ్ కూడా పాన్ మీదే నిలబడింది. పెట్టుబడి, టర్నోవర్ అంకెల్ని ఆదాయపు పన్ను, జీఎస్టీ రికార్డుల నుంచే తీసుకుంటుంది. అంటే కేంద్రం వైపు రికార్డులు చాలావరకు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే స్థితిలోనే ఉన్నాయి. మాట్లాడుకోనివి రాష్ట్రం ఇచ్చే ప్రోత్సాహకాలు, శిక్షణలు, ఇంక్యుబేటర్ల జాబితాలు.

చిక్కల్లా ప్రొప్రయిటర్ల దగ్గర, అంటే కంపెనీ పెట్టకుండా ఒక్కరే సొంతంగా నడిపేవాళ్ల దగ్గర. పాన్‌లో నాలుగో అక్షరం చూడండి. కంపెనీ అయితే 'సి', భాగస్వామ్య సంస్థ అయితే 'ఎఫ్', వ్యక్తి అయితే 'పి'. నా దగ్గరికి వచ్చే చిన్న యూనిట్లలో ఎక్కువ 'పి'లే. ఒకే మనిషికి ఒకే పాన్ మీద పిండిమర ఉంటుంది, ఎరువుల షాపు ఉంటుంది, ఒక లారీ కూడా ఉంటుంది. సాయం అందింది పిండిమరకు, టర్నోవర్ పెరిగింది ఎరువుల షాపులో. పాన్ మీద చూస్తే పథకం బ్రహ్మాండంగా పనిచేసినట్టే కనిపిస్తుంది.

ఇంకో సంగతి. సరుకులు అమ్మేవాళ్లకు జీఎస్టీ తప్పనిసరయ్యే ఏడాది టర్నోవర్ పరిమితి ఆంధ్రలో 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు. ఒకే సైజు యూనిట్ ఖమ్మంలో ఉంటే జీఎస్టీలో కనిపిస్తుంది, సరిహద్దు దాటి నందిగామలో ఉంటే కనిపించకపోవచ్చు. రెండు రాష్ట్రాల జీఎస్టీ సంఖ్యల్ని పక్కన పెట్టి "ఇక్కడ చిన్న వ్యాపారాలు ఎక్కువ, అక్కడ తక్కువ" అని రాసే వ్యాసాలు చూస్తే బాధేస్తుంది.

సిరిసిల్ల_వర్క్‌షాప్

అక్కా, నేను మరమగ్గాల విడిభాగాలు చేసే చిన్న షెడ్డు నడుపుతున్న. ఒక్క మాట సూటిగా అడుగుత, ఏమనుకోకండి. మీరంతా రికార్డులు పంచుకుంటే నాకేమొస్తది?

ఇప్పటిదాకా వివరాలు అడిగినవాళ్లు చాలామంది. ఆధార్, పాన్, బ్యాంకు స్టేట్‌మెంట్, షెడ్డు ముందర నిలబెట్టి ఫొటో. ఇచ్చిన. తర్వాత ఎవరూ తిరిగి ఒక్క కబురు చెప్పలే. ప్రోత్సాహకం మంజూరైందని కాగితం చేతికొచ్చింది, డబ్బు మాత్రం ఏండ్లకు ఏండ్లు రాలే. ఎక్కడ ఆగిందని అడిగితే ఆ ఆఫీసు ఈ ఆఫీసు పేరు చెప్తది.

తెలంగాణల 2014లో టీఎస్-ఐపాస్ చట్టం తెచ్చిన్రు. మెగా ప్రాజెక్టులకు 15 రోజులు, మిగతా వాటికి 30 రోజులు, ఆ లోపల అనుమతులు ఇయ్యాలె. అది మంచిగనే ఉంది. అనుమతికి గడువు పెట్టిన్రు, ప్రోత్సాహకం డబ్బులకు గడువు లేదు. మీ కొత్త వ్యవస్థల నా ఫైలు ఎక్కడుంది, నా ముందు ఎంతమంది ఉన్నరు, నా వంతు ఎప్పుడు అన్నది నాకు ఫోన్‌ల కనిపియ్యాలె. అది కనిపిస్తే నా కూలీలెంతమంది, మిషన్లెన్ని, ఈ మూడు నెలలు పని ఉందా లేదా అన్నీ నేనే నింపుత. ఎవ్వరూ ఫోన్ చేసి బతిమాలక్కర్లేదు.

ఓరుగల్లు_కోఆర్డినేటర్

తమ్ముడూ, నువ్వడిగిందే అసలు ప్రశ్న. మా షీట్లలో "లబ్ధిదారుడికి తిరిగి ఇచ్చిన సమాచారం" అన్న కాలమ్ ఒక్కటీ లేదు.

గణాంకాల_మాస్టారు

గణాంక శాఖలో ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ఈ చర్చ చూసి ఆగలేకపోయాను.

ముందు ఒకటి స్పష్టంగా పెట్టుకోవాలి. రిజిస్ట్రేషన్ల సంఖ్య వేరు, బతికున్న యూనిట్ల సంఖ్య వేరు. ఉద్యమ్‌లో చేరడం పది నిమిషాల పని, కాగితాలు అప్‌లోడ్ చేయక్కర్లేదు. మూతపడినప్పుడు వెళ్లి రద్దు చేసుకునేవాళ్లు ఎంతమంది? పైగా 2021 జులైలో రిటైల్, హోల్‌సేల్ వ్యాపారులను కూడా ఉద్యమ్‌లోకి అనుమతించారు. ఆ తర్వాత జిల్లా గ్రాఫ్ పైకి లేస్తే దాన్ని పారిశ్రామికాభివృద్ధి అని చదవకూడదు. కిరాణా కొట్లు వచ్చి చేరాయి, అంతే. 2025 ఏప్రిల్ 1 నుంచి పరిమితులు కూడా మారాయి. సూక్ష్మ సంస్థకు టర్నోవర్ పరిమితి 5 కోట్ల నుంచి 10 కోట్లయింది. నిన్నటిదాకా చిన్న సంస్థగా ఉన్నది ఇవాళ సూక్ష్మ సంస్థ. ఏ యూనిట్‌లోనూ ఏమీ మారకుండానే పట్టికలు మారిపోతాయి.

అసలు లెక్క ఎప్పుడు తీశాం? ఎంఎస్‌ఎంఈల (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) నాలుగో అఖిల భారత గణన 2006-07 సంవత్సరానికి. ఇప్పటికీ అందరూ చెప్పే 6.34 కోట్ల సంఖ్య 2015-16లో జరిగిన జాతీయ నమూనా సర్వే 73వ విడతది. ఆ తర్వాత అసంఘటిత రంగ సంస్థల వార్షిక సర్వే మొదలైంది, మంచిదే. కానీ అది నమూనా సర్వే. రాష్ట్రానికి అంచనా ఇస్తుంది. మండలానికి దిగితే మాట్లాడలేదు.

రెండోది జిల్లాలు. సిరిసిల్ల 2016 అక్టోబరు 11 దాకా కరీంనగర్ జిల్లాలో ఉంది. ఆ రోజున పది జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి. వరంగల్‌ను అర్బన్, రూరల్ అని విడదీసి, 2021లో మళ్లీ హనుమకొండ, వరంగల్ అని మార్చారు. ఆంధ్రలో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. ఇప్పుడు "గత పదేళ్లలో వరంగల్ జిల్లా" అని ఎవరైనా గ్రాఫ్ గీస్తే నేను మొదట అడిగేది ఒక్కటే: ఏ వరంగల్? అందుకే ప్రతి యూనిట్‌కూ గ్రామం లేదా వార్డు స్థాయిలో స్థానిక సంస్థల డైరెక్టరీ కోడ్ (ప్రతి గ్రామానికీ, వార్డుకూ ప్రభుత్వం ఇచ్చిన నంబరు) రాసి పెట్టుకోవాలి. జిల్లా గీతలు ఎన్నిసార్లు మారినా గ్రామాలను కూడి పాత జిల్లాను మళ్లీ తయారుచేసుకోవచ్చు. ఈ పని ముందే చేయకపోతే తర్వాత ఎంత డబ్బు పోసినా కుదరదు.

గుంటూరు_మిర్చిపొడి

నేను కారం పొడి, పసుపు, మసాలాల యూనిట్ నడుపుతున్నాను. సిరిసిల్ల తమ్ముడి మాటకు నా మాట కలుపుతున్నాను, కానీ నా భయం వేరు.

ఇవాళ సాయం కోసమని నా వివరాలు ఒకచోట చేరుస్తారు. రేపు అవే వివరాలు పన్ను వాళ్ల దగ్గర, ఎల్లుండి నాతో పోటీపడే వ్యాపారి దగ్గర ఉండవని ఎవరు హామీ ఇస్తారు? లోన్ కోసం ఒకచోట వివరాలు ఇచ్చిన వారానికే నాకు తెలియని కంపెనీల నుంచి ఫోన్లు మొదలయ్యాయి. నా కొనుగోలు రేటు, నేను సరుకు ఎవరికి పంపుతాను, ఇవి బయటికి పొక్కితే నా వ్యాపారం పోయినట్టే. ఎవరు చూస్తారు, ఏం చూస్తారు, ఎన్నాళ్లు చూస్తారు? ఈ మూడింటికీ జవాబు లేకుండా మా అసోసియేషన్‌లో ఒక్కరు కూడా సంతకం పెట్టరు.

కాకినాడ_కోడర్

మేడమ్ భయం సహేతుకమైనదే. సాఫ్ట్‌వేర్ వైపు నుంచి చెప్తాను.

రికార్డులు కలపడానికి రెండు దారులున్నాయి. ఒకటి, అన్ని శాఖల డేటాను ఒక పెద్ద గోడౌన్‌లో పోసి, పేరూ అడ్రసూ పోల్చి "ఈ ఇద్దరూ ఒకరే" అని కంప్యూటర్‌తో తేల్పించడం. తెలంగాణలో సమగ్ర వేదిక అనే ప్రభుత్వ సాఫ్ట్‌వేర్ చేసింది దాదాపు ఇదే. సంక్షేమ పథకాలకు అనర్హులను ఏరడానికి వాడారు. రాష్ట్రంలో లక్షల రేషన్ కార్డులు రద్దయ్యాయి. కారు లేనివాళ్లకు కారు ఉన్నట్టు, పేరు కలిసిన వేరే మనిషి వాహనాన్ని వీళ్ల ఖాతాలో వేసినట్టు కథనాలు వచ్చాయి. విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రద్దు చేసిన కార్డులను ఇంటింటికీ వెళ్లి మళ్లీ పరిశీలించమని 2022లో కోర్టు చెప్పింది. మన ఊళ్లలో ఒకే ఇంటిపేరు, ఒకే దేవుడి పేరు ఉన్న షాపులు ఎన్ని ఉంటాయో మీకందరికీ తెలుసు. పేరును బట్టి కలిపితే ఎవరి సబ్సిడీ ఎవరి ఖాతాలో పడుతుందో ఆ దేవుడికే తెలియాలి.

రెండో దారి, డేటాను కదపకపోవడం. ఎవరి రికార్డు వాళ్ల దగ్గరే ఉంటుంది. అవసరమైనప్పుడు, అవసరమైన ఒక్క ముక్కను మాత్రమే అడిగి తెచ్చుకుంటారు. ఎస్టోనియాలో 2001 నుంచి ఎక్స్-రోడ్ అనే ప్రభుత్వ వ్యవస్థ అలాగే నడుస్తోంది. అడిగిన ప్రతిసారీ ఎవరు అడిగారో లాగ్‌లో ఉంటుంది. మన దగ్గర దీనికి దగ్గరిది 2021 సెప్టెంబరు నుంచి నడుస్తున్న అకౌంట్ అగ్రిగేటర్, అంటే మన బ్యాంకు వివరాలను మన సమ్మతితో లోన్ ఇచ్చేవాళ్లకు చేర్చే వ్యవస్థ. ఏ వివరం, ఎందుకు, ఎన్నాళ్లకు అన్నది సమ్మతి పత్రంలోనే ఉంటుంది, కావాలంటే మనమే రద్దు చేసుకోవచ్చు. జీఎస్టీ చట్టంలోనూ 158ఎ అనే సెక్షన్ చేర్చారు, 2023 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉంది. వ్యాపారి సమ్మతి ఉంటే నోటిఫై చేసిన వేరే వ్యవస్థతో జీఎస్టీ వివరాలు పంచుకోవచ్చు. అంటే చట్టంలో తలుపు ఉంది. నాకు తెలిసి జిల్లా స్థాయిలో ఆ తలుపు దాకా వెళ్లినవాళ్లు లేరు.

ఆడిటర్ గారు చెప్పిన 'పి' పాన్ సంగతి ఇక్కడ ఇంకా ముఖ్యం. ప్రొప్రయిటర్ టర్నోవర్ అంటే ఒక మనిషి వ్యక్తిగత సమాచారం. అది 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కిందికి వస్తుంది. కంపెనీల లెక్కలు రావు. ఒకే టేబుల్‌లో ఈ రెండు రకాల వరసలు ఉంటాయి కాబట్టి మొదటి రోజు నుంచే వేరుచేసి పెట్టుకోవాలి.

ఐండ్‌హోవెన్_నుంచి

నమస్తే. మాది ఒంగోలు, కొన్నేళ్లుగా నెదర్లాండ్స్‌లో ఉంటున్నాను, డేటా విశ్లేషణ నా పని. కోఆర్డినేటర్ గారు "ఎక్కడైనా నడుస్తోందా" అని అడిగారు కదా, ఇక్కడ దగ్గరగా చూసింది రాస్తాను.

యూరప్‌లో రెండు వేర్వేరు పనులు జరుగుతుంటాయి. ఒకటి, ప్రాంతాలకు మార్కులు వేయడం. ప్రాంతీయ ఇన్నోవేషన్ స్కోర్‌బోర్డు 2023లో 239 ప్రాంతాలకు వేశారు. దానికి కావలసిన అంకెలు కొన్ని పేటెంట్ల నుంచి, కొన్ని చదువుల నుంచి వస్తాయి. కొన్ని మాత్రం సంస్థలనే నేరుగా అడిగే సర్వే నుంచి వస్తాయి. గత మూడేళ్లలో కొత్త వస్తువు తెచ్చారా, తయారీ పద్ధతి మార్చారా అని అడుగుతారు. మార్కెట్‌కు కొత్తది కానక్కర్లేదు, ఆ సంస్థకు కొత్తదైతే చాలు. ఆ లెక్కన గుంటూరు మేడమ్ కొత్త ప్యాకింగ్ పద్ధతి పెడితే అది ఇన్నోవేషనే.

రెండోది మీ ప్రశ్నకు దగ్గర: ఎవరికి ఎంత సాయం అందిందో రాయడం. ఒక సంస్థకు మూడేళ్లలో 3 లక్షల యూరోలకు మించకుండా ఇచ్చే చిన్న సాయాలకు అనుమతుల గొడవ లేదు. కానీ అంతకు మించిందో లేదో తెలియాలంటే అందరూ ఒకే పుస్తకంలో రాయాలి కదా. అందుకే 2026 జనవరి 1 నుంచి అలాంటి ప్రతి సాయాన్నీ, ఇచ్చిన 20 పనిదినాల్లోపు, జాతీయ స్థాయి రిజిస్టరులో గానీ యూరోపియన్ యూనియన్ స్థాయి రిజిస్టరులో గానీ నమోదు చేయడం తప్పనిసరి చేశారు. పెద్ద సాయాల వివరాలు ఎలాగూ వెబ్‌సైట్‌లో అందరికీ కనిపిస్తాయి.

ప్రాంతీయ అభివృద్ధి నిధుల్లో లెక్కించే తీరు కూడా చూడదగ్గది. "సాయం పొందిన సంస్థలు" అన్న సూచికలో ఒకే సంస్థకు రెండుసార్లు సాయం అందినా ఒకసారే లెక్కపెట్టాలి. కొత్తగా పెట్టిన సంస్థలు ప్రాజెక్టు అయిపోయిన ఏడాదికి ఇంకా నడుస్తున్నాయా అన్నది ఇంకో సూచిక. కోఆర్డినేటర్ గారి షీట్లలో దొరకనిది సరిగ్గా ఇదే.

మాస్టారు చెప్పిన జిల్లాల బాధ కూడా ఇక్కడివాళ్లకు తెలుసు. గణాంకాల కోసం గీసుకున్న ప్రాంతాల హద్దులను మూడేళ్లకోసారి కంటే తరచుగా మార్చకూడదని చట్టం పెట్టుకున్నారు. మార్చినప్పుడు పాత సంవత్సరాల అంకెల్ని కొత్త హద్దుల ప్రకారం తిరగరాసి ఇవ్వాల్సిన బాధ్యత మార్చిన దేశానిదే. ఆ ప్రాంతాల జనాభా మామూలుగా 8 లక్షల నుంచి 30 లక్షల మధ్య, అంటే ఇంచుమించు మన జిల్లాల సైజు. మన దగ్గర కుదరదని అనడానికి సైజు సాకు కాదు.

అక్కడ అంతా సవ్యంగా ఉందని చెప్పను. సంస్థల సర్వేను దేశాల గణాంక కార్యాలయాలు ప్రాంతాలవారీగా విడదీసి ఇస్తేనే స్కోర్‌బోర్డు తయారవుతుంది. చిన్న ప్రాంతాల్లో నమూనా పల్చబడుతుంది.

గణాంకాల_మాస్టారు

ఒంగోలు బాబూ, ఆ తిరగరాసి ఇచ్చే బాధ్యత గురించి చెప్పావే, చాలా సంతోషం. కొత్త జిల్లా ప్రకటించే జీవోలోనే ఆ ఒక్క వాక్యం ఉంటే ఎంత బాగుండేది!

గోదావరి_క్రెడిట్

బ్యాంకులో ఎంఎస్‌ఎంఈ లోన్లు చూస్తాను. పీఎంఈజీపీలో ఇప్పటికే ఒక మంచి ఏర్పాటు ఉంది, దాన్ని వాడుకోవడం లేదనిపిస్తుంది. సబ్సిడీ 15 నుంచి 35 శాతం దాకా ఉంటుంది కదా, అది నేరుగా యజమాని చేతికి రాదు. మూడేళ్లపాటు బ్యాంకులో అతని పేరున డిపాజిట్‌గా ఉంటుంది. యూనిట్ నడుస్తోందని వెళ్లి చూసి నిర్ధారించుకున్నాకే లోన్‌లో సర్దుబాటు చేస్తారు. అంటే మూడేళ్ల తర్వాత ఏమైందో ప్రతి యూనిట్‌కూ ఎవరో ఒకరు వెళ్లి చూస్తున్నారు! ఆ పరిశీలన ఫలితం సబ్సిడీ సర్దడానికి పనికొస్తుంది, అక్కడితో ఫైలు మూసుకుంటుంది. శిక్షణ ఇచ్చిన కేంద్రానికి ఆ కబురు చేరదు.

ఇక మూడేళ్లు ఆగకుండా తెలుసుకోవాలంటే నేను కరెంటు బిల్లు చూస్తాను. రెండు రాష్ట్రాల్లోనూ చిన్న పరిశ్రమల సర్వీసులు ఎల్‌టీ (తక్కువ వోల్టేజీ) మూడో కేటగిరీలో ఉంటాయి. నెలనెలా ఎంత కరెంటు కాలిందో డిస్కమ్ (కరెంటు పంపిణీ సంస్థ) దగ్గర ఉంటుంది, ఎవరినీ అడిగి విసిగించక్కర్లేదు. ఒక రైస్ మిల్లు ఖాతాలో కిస్తీలు సక్రమంగానే పడుతున్నాయి, మూడు నెలలుగా కరెంటు వాడకం మాత్రం సగానికి పడిపోయింది. వెళ్లి అడిగితే మోటారు కాలిపోయి, కొత్తది తెచ్చుకోలేక, వేరేచోట అప్పు చేసి కిస్తీ కడుతున్నాడు. అప్పుడే తెలిసింది కాబట్టి వర్కింగ్ క్యాపిటల్ పెంచి నిలబెట్టాం. కిస్తీ తప్పాక తెలిస్తే చేయడానికి ఏమీ మిగలదు.

ఉద్యోగాల లెక్క అడిగేవాళ్లకు కూడా ఒక మాట. పీఎఫ్ వర్తించేది 20 మంది పనిచేసే చోట, ఈఎస్‌ఐ 10 మంది ఉన్నచోట. మనం మాట్లాడుకుంటున్న నలుగురైదుగురి యూనిట్లు ఈ రెండింటిలోనూ కనపడవు. వాటి ఉద్యోగాల సంఖ్య అని మీరు ఎక్కడ చూసినా అది దరఖాస్తులో రాసిన అంకె.

తెనాలి_ఆడిటర్

కరెంటు మీటరు ఆలోచన నాకు బాగా నచ్చింది సార్. రెండు జాగ్రత్తలు మాత్రం తీసుకోవాలి. సీజన్ యూనిట్లు, మామిడి గుజ్జు, చెరకు, జీడిపప్పు లాంటివి, కొన్ని నెలలు మూతేసే ఉంటాయి. వాటిని పోయిన నెలతో పోల్చకూడదు, పోయిన ఏడాది ఇదే నెలతో పోల్చాలి. రెండోది, షెడ్డు పైన సోలార్ పెట్టుకున్నవాళ్లు. డిస్కమ్ నుంచి తీసుకునే కరెంటు తగ్గితే యూనిట్ పడుకుందని అనుకునే ప్రమాదం ఉంది.

నూలు_దారం

ఇక్కడ అందరూ వ్యాపార సాయం గురించే మాట్లాడుతున్నారు. ఇన్నోవేషన్ వైపు నుంచి నేను రాస్తాను. గ్రామీణ ఆవిష్కర్తలతో పనిచేస్తుంటాను.

నీతి ఆయోగ్ ఇండియా ఇన్నోవేషన్ ఇండెక్స్ 2021లో పెద్ద రాష్ట్రాల్లో కర్ణాటక మొదటిది, తెలంగాణ రెండోది. 66 సూచికలు. గర్వంగానే ఉంటుంది. కానీ ఆ రెండో ర్యాంకులో ఆదిలాబాద్ వాటా ఎంత, గద్వాల వాటా ఎంత? సూచికలు రాష్ట్రం దగ్గరే ఆగిపోతాయి. 2021-22లో కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ, యునిడో (ఐక్యరాజ్యసమితి పారిశ్రామికాభివృద్ధి సంస్థ) కలిసి తయారీ రంగంలో ఇన్నోవేషన్ సర్వే చేశాయి. అదీ రాష్ట్రాల పోలికే. స్టార్టప్‌ల ఇంక్యుబేటర్ టీ-హబ్ 2015లో వచ్చింది, 2022లో పెద్ద భవనంలోకి మారింది. మహిళా వ్యాపారుల కోసం వీ-హబ్ 2018లో, నమూనాలు తయారుచేసుకునే టీ-వర్క్స్ 2023లో వచ్చాయి. అన్నీ హైదరాబాద్‌లోనే. జిల్లా నుంచి వచ్చి అక్కడ పనిచేసుకుని తిరిగి వెళ్లినవాడు ఏ జిల్లా లెక్కలోకి వస్తాడో ఎవరూ తేల్చలేదు. ఆంధ్రలో 2025 ఆగస్టులో రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ మొదలైంది. అమరావతి కేంద్రంగా విశాఖ, రాజమహేంద్రవరం, విజయవాడ, తిరుపతి, అనంతపురంలో శాఖలు పెట్టారు. ఇప్పుడే మొదలు కాబట్టి అవన్నీ ఒకే రికార్డు పద్ధతి పెట్టుకోవడానికి ఇంతకంటే మంచి సమయం ఉండదు. ఆరు చోట్ల ఆరు ఎక్సెల్ షీట్లు పుట్టాక కలపాలంటే కోఆర్డినేటర్ గారి కష్టమే మళ్లీ.

చింతకింది మల్లేశం గారి ఆసు యంత్రాన్నే తీసుకోండి. ఆలేరు వైపు చేనేత ఇళ్లలో ఒక్క చీరకు ఆసు పోయాలంటే, అంటే నేతకు ముందు నూలును మేకుల చుట్టూ చుట్టాలంటే, ఆడవాళ్లు వేలసార్లు చెయ్యి అటూ ఇటూ తిప్పాలి. వాళ్లమ్మ భుజం నొప్పి చూడలేక 1992లో మొదలుపెట్టి 1999 నాటికి యంత్రం తయారుచేశారు. నాలుగు గంటల పని గంటన్నరకు దిగింది. 2017లో పద్మశ్రీ వచ్చింది. మరి ఆ ఏడేళ్లలో మనం అనుకుంటున్న వ్యవస్థ ఉండి ఉంటే ఆయన అందులో ఎక్కడ కనిపించేవారు? టర్నోవర్ లేదు, పేటెంట్ ఇంకా లేదు, కంపెనీ లేదు, లోన్ లేదు. పాన్‌తో మొదలుపెట్టిన వ్యవస్థకు ఆయన ఆ ఏడేళ్లూ అసలు ఉన్నట్టే తెలియదు. అందుకని నాదొక్కటే విన్నపం. నమూనా చేస్తున్న మనిషికి, ఇంకా వ్యాపారం కాని దశలో ఉన్న మనిషికి ఒక వరస ఉంచండి. ఏ దశలో ఉన్నారు, ఎవరి సాయం అడిగారు, ఎక్కడ "కుదరదు" అన్నారు. ఆ మూడోది ఎవరూ రాసుకోరు. మనకు ఎక్కువ నేర్పేది అదే.

సిరిసిల్ల_వర్క్‌షాప్

అక్కా, కరెక్ట్ మాట. మా దగ్గర కూడా మగ్గానికి చిన్న మార్పు చేసి ఇంకో ఇద్దరి మగ్గాలకు ఉత్తగనే చేసిచ్చినోళ్లున్నరు. వాళ్ల పేరు ఎక్కడా లేదు.

గణాంకాల_మాస్టారు

నూలు_దారం గారు చెప్పిన "కుదరదు" జాబితా మీద నాకు ఇంకో ఆశ కూడా ఉంది. సాయం పొందినవాళ్లలో నూటికి డెబ్బై మంది నడుపుతున్నారనుకుందాం. అది సాయం గొప్పతనమా, లేక బ్యాంకు ముందే గట్టివాళ్లను ఏరుకుందా? సాయం అందని వాళ్లలో ఎంతమంది నడుపుతున్నారో తెలియకుండా చెప్పలేం. బ్యాంకు తిప్పి పంపినవాళ్లతో పోల్చినా తప్పే, వాళ్లు మొదటే బలహీనులు అయి ఉండొచ్చు. అన్ని అర్హతలూ ఉండి, ఆ ఏడాది నిధులు అయిపోయి ఆగిపోయినవాళ్లు ఉంటారు చూశారా, వాళ్లతో పోల్చాలి. ప్రతి జిల్లాలోనూ అలాంటివాళ్లు ఉంటారు. పేర్లు ఫైళ్లలోనే ఉన్నాయి, డేటాలో లేవు.

కాకినాడ_కోడర్

కోఆర్డినేటర్ గారూ, రాష్ట్రమంతా పెట్టాలని ఎదురుచూస్తే ఏళ్లు పడుతుంది. మీ కేంద్రం, ఒక బ్యాంకు శాఖ, జిల్లా పరిశ్రమల కేంద్రం, ఈ ముగ్గురితో మొదలుపెట్టండి. ఒక యూనిట్‌కు ఒక నంబరు ఇవ్వండి, పాన్, ఉద్యమ్, కరెంటు సర్వీసు నంబరు దాని కింద రాసుకోండి. ఎవరి పేరున ఉన్నాయన్నది పట్టించుకోకండి, ఆ యూనిట్ నడిపే మనిషే "ఇవన్నీ నావే" అని చెప్పి కలపాలి. కంప్యూటర్‌ను ఊహించనివ్వకండి. సమ్మతి వాక్యం నేను ఒకటి రాశాను, చూసి దిద్దండి:

"నా యూనిట్‌కు అందిన సాయాల వివరాలు, నెలవారీ కరెంటు వాడకం, జీఎస్టీ రిటర్న్ వేశానా లేదా అన్న ఒక్క విషయం, ఇవి మూడేళ్లపాటు సహాయ కేంద్రం, జిల్లా పరిశ్రమల కేంద్రం, నా బ్యాంకు చూడటానికి అంగీకరిస్తున్నాను. నా టర్నోవర్ అంకెలు, కొనుగోలుదారుల పేర్లు ఇందులో ఉండవు."

గుంటూరు_మిర్చిపొడి

ఇది నేను సంతకం పెట్టగలిగేలా ఉంది. ఒకటి చేర్చండి: "ఈ అంగీకారాన్ని ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. తీసుకున్నా నాకు రావలసిన సాయం ఆగదు." రెండో వాక్యం లేకపోతే మొదటి వాక్యం ఉన్నా ఎవరూ ధైర్యం చేయరు.

సిరిసిల్ల_వర్క్‌షాప్

ఇంకోటి. "ఈ వివరాలను, నా ఫైలు ప్రస్తుతం ఎక్కడ ఉందన్నదాన్ని నేను కూడా ఎప్పుడైనా చూడవచ్చు."

గోదావరి_క్రెడిట్

బ్యాంకు తరఫున ఒక మాట కూడా పెట్టండి. కరెంటు వాడకం తగ్గిందన్న కారణంతో బ్యాంకు లోన్ వెనక్కి అడగదు, ముందుగా యూనిట్‌కు వచ్చి మాట్లాడుతుంది అని. రాతపూర్వకంగా లేకపోతే నాలాంటి ఇంకో ఆఫీసరు దాన్ని వేరేలా వాడొచ్చు.

ఓరుగల్లు_కోఆర్డినేటర్

మూడూ చేర్చాను. సోమవారం అవగాహన సదస్సు ఉంది, అక్కడ ఈ కాగితం పెద్ద అక్షరాల్లో ప్రింట్ తీసి చదివి వినిపిస్తాను. చిరుధాన్యాల యూనిట్ ఆవిడకు ముందే ఫోన్ చేశాను, తన ఐదు కాగితాలూ తీసుకుని వస్తానన్నారు. నూలు_దారం గారూ, నమూనా దశలో ఉన్నవాళ్లకు ఏయే వివరాలు రాసుకోవాలో ఒక పేజీ పంపగలరా? మాస్టారు గారూ, నిధులు అయిపోయి ఆగిపోయినవాళ్లను కూడా ఈ సదస్సుకే పిలవమంటారా?

గణాంకాల_మాస్టారు

పిలవండమ్మా. కానీ ఆశ పెట్టి పిలవొద్దు. ఈసారి సాయం గ్యారంటీ లేదు, మీ సంగతి తెలుసుకోవడానికే పిలిచామని ముందే చెప్పండి. ఆ కాగితమే వాళ్లకూ ఇవ్వండి. గ్రామం కోడ్ రాయడం మాత్రం మరిచిపోవద్దు.

నూలు_దారం

పేజీ రేపు సాయంత్రానికి పంపుతాను. "కుదరదు అన్నవాళ్లు ఎవరు, ఏ కారణం చెప్పారు" అన్న గడిని అన్నిటికంటే పెద్దగా ఉంచుతాను.